1,400 నంబర్లున్న నోటుబుక్కు ఏజెన్సీ చేతిలో పెట్టాలా?

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ (పలాస పక్కనే) నుంచి ఒక బాబు అడిగిన ప్రశ్న ఇది: "మాది చిన్న జీడిపప్పు దుకాణం. మూడేళ్లుగా పార్సిళ్లు తెప్పించుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు నోటుబుక్కులో 1,400 దాకా ఉన్నాయి. అవి ఇస్తే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల్లో అమ్మకాలు పెంచుతామని విశాఖపట్నం ఏజెన్సీ ఒకటి వెంటపడుతోంది. అక్క వద్దంటోంది. పొట్టు తీసే ఆడవాళ్ల మీద రీలు తీద్దామంటే వాళ్లు మొహం తిప్పేసుకుంటున్నారు. సోషల్ మీడియా లేకుండా ఈ రోజుల్లో వ్యాపారం నడుస్తుందా? ఎవరి మాట వినమంటారు?"

బాబూ, మీ అక్క మాట వినండి. ప్రకటనలు మాత్రం మానకండి. ఈ రెండూ కలిసి కుదరవని మీకెవరైనా చెప్పారంటే, వాళ్ల కన్ను మీ నోటుబుక్కు మీదుంది.

శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లు దాటింది, దుకాణాల ప్రచారమే నా బతుకుతెరువు. మొదట్లో కరపత్రాలు. గులాబీ రంగు పల్చటి కాగితం మీద వేసి, పేపరు కుర్రాళ్లకి వందకింతని ఇచ్చి దినపత్రికల మధ్యలో పెట్టించేవాణ్ని. ఆటోకి మైకు కట్టి ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి దాకా తిప్పేవాణ్ని. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. 2014 ప్రాంతంలో ఒక చీరల కొట్టు ఆయన "ఇదేదో ఫేస్‌బుక్‌లో ఏస్తారంట, నువ్వు ఎయ్యగలవేటి?" అని అడిగితే, రాదని చెప్పడానికి మొహమాటపడి నేర్చుకున్నాను. అప్పట్నుంచీ చేసిన తప్పులు కొన్ని కిందకి వస్తాయి, అందుకే ఈ సోది.

ముందు ఆ 1,400 నంబర్లతో ఏజెన్సీ ఏం చేస్తుందో చూద్దాం. మీ జాబితాని ఎక్సెల్‌లో కొట్టి ఫేస్‌బుక్ ప్రకటనల ఖాతాలోకి ఎక్కిస్తారు. ఎక్కేముందు ప్రతి నంబరూ ఒక గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మారుతుంది. ఫేస్‌బుక్ తన దగ్గరున్న ఖాతాల నంబర్లని కూడా అదే పద్ధతిలో మార్చి, రెండింటినీ పోల్చి, కలిసినవాళ్లకి మీ ప్రకటన చూపిస్తుంది. దీన్నే కస్టమ్ ఆడియన్స్ అంటారు. ఆ తర్వాత అసలు ఆకర్షణ: ఈ కొన్నవాళ్లలాంటి అలవాట్లే ఉన్న కొత్తవాళ్లని వెతికి వాళ్లకీ చూపిస్తుంది. అది లుక్‌అలైక్. ఎవరెవరు కలిశారో, ఎవరు చూశారో పేర్లు మీకు రావు. ఇన్‌స్టాగ్రామ్‌ని 2012లో, వాట్సాప్‌ని 2014లో ఫేస్‌బుక్కే కొనేసింది కాబట్టి కొట్లు మూడు, గల్లాపెట్టె ఒక్కటి.

పని చేస్తుందా అంటే చేస్తుంది, కాదనను. "నిన్న మా ఇంట్లో జీడిపప్పు అనుకున్నాం, ఇవాళ ఫోన్‌లో జీడిపప్పు ప్రకటన వచ్చింది, ఫోను మన మాటలు వింటోంది" అని నాతో చాలామంది అన్నారు. వినక్కర్లేదు బాబూ. ఎవరో ఒక కొట్టువాడు మీ నంబరు ఎక్కించాడు, మీరు ఏదో వెబ్‌సైట్ తెరిచినప్పుడు అందులో ఉన్న చిన్న కోడ్ ఆ సంగతి పైకి చేరవేసింది, మీ ఇంట్లో వైఫై వాడే ఇంకొకరు అదే వెతికారు. ఈ దారాలన్నీ ఒకచోట ముడిపడితే చెవులతో పనేముంది?

అయితే మీకు ప్రమాదం ఫేస్‌బుక్ దగ్గర మొదలవదు. దానికంటే ముందు, ఆ ఎక్సెల్ షీటు దగ్గర. కోడ్‌గా మారేది ఫేస్‌బుక్‌లోకి ఎక్కేటప్పుడు. ఏజెన్సీ కంప్యూటర్లో మాత్రం పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏ పండక్కి ఎన్ని కిలోలు కొన్నారో అంతా తెల్లకాగితం మీద నల్ల సిరాలా ఉంటుంది. రేపు మీ పక్క వీధి వ్యాపారి అదే ఏజెన్సీకి వెళితే ఆ షీటు వాళ్లు తెరవరని మీరు ప్రమాణం చేయగలరా? వెంటపడుతున్న ఏజెన్సీ అలాంటిదని నేననడం లేదు. ఆ షీటు కోసం గొడవపడే అవసరమే రానివ్వకండి అంటున్నాను.

ఇంకో మాట. ఒకరి చేతిలోంచి ఇంకొకరి వివరాలు జారిపోవడం కొత్త కాదు. ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు రాజకీయ ప్రచార సంస్థకి చేరిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం 2018లో బయటపడినప్పుడు ఫేస్‌బుక్ చెప్పిన లెక్క గుర్తుందా? మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. వాళ్ల స్నేహితులన్న పాపానికి వివరాలు పోయి ఉండొచ్చన్నది 5,62,120 మందివి. ఆ 5 లక్షల పైచిలుకు మంది ఏ బటనూ నొక్కలేదు. మీ నోటుబుక్కులో ఉన్న 1,400 మంది కూడా ఏ బటనూ నొక్కలేదు. పార్సిల్ చేరడానికి నంబరు ఇచ్చారు, అంతే.

చట్టం కూడా ఇప్పుడు ఇదే మాట అంటోంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. దాని తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో మనలాంటి కొట్లవాళ్లు చదవాల్సిన ఉదాహరణ ఒకటుంది: ఒకావిడ మందుల కొట్లో కొని, రసీదు ఫోనుకి పంపమని నంబరు ఇస్తుంది. ఆ కొట్టు ఆ నంబరుని రసీదు పంపడానికి వాడుకోవచ్చు. దేనికిస్తే దానికే. మీ పార్సిల్ నంబర్లకీ అదే సూత్రం.

తమాషా ఏమిటంటే, ఆ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకీ, కాగితం మీద నుంచి డిజిటల్‌లోకి మార్చినవాటికీ వర్తిస్తుంది. అంటే నంబర్లు మీ అక్క రాసిన నోటుబుక్కులో ఉన్నంతకాలం దానికి మీతో పనిలేదు. ఎక్సెల్‌లోకి కొట్టిన రోజు నుంచి ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. డేటాని భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చని చట్టంలో ఉంది. కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మీద 250 కోట్లు వేస్తారని మిమ్మల్ని బెదిరించడం నా ఉద్దేశం కాదు. కానీ "అందరూ చేస్తున్నారు" అన్న మాట ఇంక ఎక్కువ కాలం చెల్లదు.

సరే, నంబర్లు ఇవ్వకుండా అమ్మేదెలా?

మొదట ఎవరికి చూపించాలో తేల్చుకోండి. చాలామంది చేసే తప్పు, తమ ఊరి చుట్టూ వలయం గీసి ప్రకటన వేయడం. కటింగ్ దుకాణానికీ టిఫిన్ సెంటర్‌కీ అది సరే. కాశీబుగ్గలో జీడిపప్పు ప్రకటన ఎవరిక్కావాలి? అక్కడ ప్రతి వీధిలోనూ బట్టీ ఉంటుంది, లేకపోతే బట్టీలో పనిచేసే చుట్టం ఉంటాడు. మీ ఖాతాదారులు హైదరాబాద్‌లో, చెన్నైలో, గల్ఫ్‌లో బతుకుతున్న మన సిక్కోలు జనం. వాళ్లని పట్టడానికి జాబితా అక్కర్లేదు, భాష చాలు. ప్రకటన వీడియోలో మొదటి మూడు సెకన్లలోనే "ఏటి బావూ, పండక్కి పప్పు పంపీమంటావా?" అని మీ నాన్నగారి చేత అనిపించండి. మన యాస తెలిసినవాడి బొటనవేలు అక్కడ ఆగుతుంది, తెలియనివాడు దాటేస్తాడు. ఎవరు ఆగారో చూసి అలాంటివాళ్లకే ఎక్కువ చూపించడం ఆ యంత్రం దానంతటదే నేర్చుకుంటుంది. నేను చేయించిన జీడిపప్పు, తేగలు, ఊరగాయల ప్రకటనల్లో జాబితాలు ఎక్కించి చేసినవాటికంటే ఇలాంటివే ఎక్కువ ఫోన్లు మోగించాయి.

ప్రకటన కింద వాట్సాప్ బటన్ పెట్టండి. నొక్కినవాడు తనంతట తాను మీ దగ్గరకి వచ్చి మాట్లాడతాడు. నంబరు మీరు లాక్కున్నది కాదు, అతను తెచ్చిచ్చినది. రోజుకి 200, 300 రూపాయలతో పది రోజులు వేసి చూడండి, దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని లెక్కలో ఉంచుకోండి. పోస్టు కింద కనబడే బూస్ట్ బటన్ జోలికి వెళ్లకండి. అది లైకులు బాగా తెస్తుంది. లైకులు తూకానికి రావు కదా. ఫేస్‌బుక్ ప్రకటనలు నడిపే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, నాకు సందేశాలు కావాలి అని లక్ష్యం ఎంచుకోండి.

ఏజెన్సీ చేతే చేయించుకోవాలంటే చేయించుకోండి, తప్పులేదు. కానీ పేజీ, ప్రకటనల ఖాతా మీ పేరున, మీ ఫోన్ నంబరు మీద తెరిచి, వాళ్లకి పనిచేసే అనుమతి మాత్రమే ఇవ్వండి. పాస్‌వర్డ్ ఇవ్వకండి. నాకు తెలిసిన ఒక ఫర్నిచర్ కొట్టు ఆయన అన్నీ ఏజెన్సీ పేరునే తెరిపించుకున్నాడు. రెండేళ్ల తర్వాత మాటామాటా వచ్చి మానుకుంటే, పేజీ వాళ్లదైపోయింది. పాతిక వేల మంది ఫాలోవర్లున్న తన కొట్టు పేరు మీద ఇంకొకరి సోఫాలు అమ్ముడవుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టకండి. ఇది నేను చేసిన పెద్ద తప్పు. ఒక చీరల కొట్టుకి, కొన్న ఆడవాళ్లందర్నీ కలిపి గ్రూపు నేనే పెట్టించాను. కొత్త స్టాకు ఫోటో పెట్టగానే సాయంత్రానికి అమ్ముడయ్యేది, నన్ను మించినవాడు లేడనుకున్నాను. గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనబడుతుందన్న సంగతి తెలుసు, పట్టించుకోలేదు. పైగా ఆ గ్రూపు లింకుని ఫేస్‌బుక్ పేజీలో పెట్టాను. ఆ లింకు పట్టుకుని ఒకడు చేరాడు, ఆడపేరు పెట్టుకుని. రాత్రి పదకొండు దాటాక ఒక్కొక్కరికీ విడిగా సందేశాలు. వారం రోజుల్లో గ్రూపు సగమైంది. ఇంట్లో మొగుడితో మాటలు పడ్డ ఒకావిడ కొట్టుకి వచ్చి "మా నంబరు మీకు నమ్మి ఇచ్చాం కదా బాబూ" అంది. కొట్టాయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

గ్రూపు బదులు మూడు దారులున్నాయి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి ఒకేసారి పంపొచ్చు, ఎవరికీ ఇంకొకరు కనబడరు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. అది లోపం అంటారు, నేను జల్లెడ అంటాను. సేవ్ చేసుకోనివాడికి మీ పప్పు అవసరం లేనట్టే. రెండోది వాట్సాప్ ఛానెల్, 2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చింది. చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి తెలియవు. మూడోది కేటలాగ్, వాట్సాప్ బిజినెస్ యాప్‌లో గుండు, బద్ద, ముక్క విడివిడిగా, డబ్ల్యూ 180 నుంచి 320 దాకా గ్రేడు, ధర పెట్టి ఉంచండి. రోజుకి నలభైసార్లు "రేటెంత?" అన్న ప్రశ్న తప్పుతుంది.

వాట్సాప్ మాటలు 2016 నుంచి రెండు కొసల మధ్య తాళం వేసి వెళతాయి, కంపెనీకి చదవడం కుదరదు. అయితే ఎవరు ఎవరితో ఎప్పుడెప్పుడు మాట్లాడుతున్నారన్నది ఆ తాళం లోపలిది కాదు. 2021లో వాట్సాప్ గోప్యతా విధానం మార్చి, ఒప్పుకుంటేనే వాడుకోండి అన్న తీరుకి కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా మీద 213.14 కోట్ల జరిమానా వేసింది. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. పెద్దవాళ్ల గొడవ పెద్దవాళ్లు చూసుకుంటారు. మన ఊళ్లలో ఆ గొడవ కంటే దగ్గరిది ఇంకోటుంది.

అది చెప్పాలంటే విజయనగరం వెళ్లాలి. గంటస్తంభం దగ్గర ఒక బట్టల కొట్టుకి పెళ్లిళ్ల సీజన్లో పనిచేస్తున్నాను. పెళ్లి బట్టలు కొన్న ఒక కుటుంబాన్ని వరసగా నిలబెట్టి ఫోటో తీశాను. నవ్వుతూ నిలబడ్డారు, అడిగే తీశాను. ఊరి పేరుతో సహా పేజీలో పెట్టాను. మూడో రోజు ఆ ఇంటి పెద్దాయన ఒక్కడే వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. అరవలేదు. ఫోటో చూసి వాళ్ల ఊళ్లో అప్పిచ్చినాయన ఇంటిమీదకి వచ్చాడట. "పట్టుచీరలకి ఉన్నాయి గానీ నా బాకీకి నేవేటి?" అని వియ్యాలవారి ఎదుటే అడిగాడట. ఫోటో వెంటనే తీసేశాను. తీసేసి లాభమేముంది, అప్పటికే ఎన్ని వాట్సాప్‌లు తిరిగిందో. ఫోటో దిగడానికి ఆయన ఒప్పుకున్నాడు. కొన్న సంగతి ఊరందరికీ తెలియడానికి ఒప్పుకోలేదు. ఆ తేడా నాకు తట్టలేదు.

పెద్ద నగరంలో మీ ఫోటో చూసిన వెయ్యిమందికి మీరెవరో తెలియదు. ఇక్కడ చూసిన పాతికమందిలో పదిమందికి మీ ఇంటిపేరు, మీ పొలం, మీ అప్పు తెలుసు. నోటిమాట మీద వ్యాపారం పాకేది ఇందుకే, పరువు పోయేదీ ఇందుకే.

ఇక మీ పొట్టు తీసే ఆడవాళ్లు. మొహం తిప్పేసుకుంటున్నారంటే వాళ్ల జవాబు వచ్చేసినట్టే, మళ్లీ అడగకండి. జీతం ఇచ్చేవాడు అడిగితే కాదనడం కష్టం, అయినా తిప్పుకున్నారంటే గట్టిగానే వద్దనుకున్నారు. పక్క ఊళ్లో కూతురికి సంబంధం చూస్తూ ఉండొచ్చు, బట్టీ పనికి వస్తున్నట్టు అల్లుడికి తెలియకపోయి ఉండొచ్చు, లేదూ ఊరికే ఇష్టం లేకపోవచ్చు. కారణం మనకెందుకు? చేతులు చూపించండి. పిక్క కొట్టే చేతుల మీద జీడి రసం నల్లమరకలు, పొట్టు వీడి తెల్లటి గుండు బయటపడే క్షణం, చాటలో గలగలమనే చప్పుడు. మొహం లేకుండానే ఆ రీలు బాగుంటుంది. నిజానికి మొహాలున్నదానికంటే బాగుంటుంది, ఎందుకంటే చూసేవాడి కన్ను పప్పు మీదే ఉంటుంది. చేతులు చూపిస్తామని కూడా ముందు చెప్పండి, తీసింది వాళ్లకి చూపించండి. ఎవరైనా తరవాత తీసేయమంటే అదే రోజు తీసేయండి.

ఎవరైనా ఫుడ్ వ్లాగర్ వచ్చి డబ్బులిస్తే వీడియో చేస్తానంటే, డబ్బులిచ్చి చేయించిన ప్రకటన అని వీడియోలోనే కనబడేలా చెప్పమనండి. 2023 జనవరి నుంచి కేంద్రం మార్గదర్శకాలు అవే. దాని మీద ఇంతకంటే చెప్పేది లేదు.

మీ ఇంటి గోప్యత సంగతి మీరు అడగలేదు. అడగాల్సింది. కొట్టుకి వేరే సిమ్ తీసుకోండి. ఇంటి నంబరు ప్యాకెట్ మీద వేసుకుంటే అర్ధరాత్రి మీ అమ్మగారు ఫోనెత్తాల్సి వస్తుంది. ప్రొఫైల్ బొమ్మగా పిల్లల ఫోటో కాకుండా కొట్టు బోర్డు పెట్టండి. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకోండి. ఆరంకెల కోడ్ చెప్పమని ఎవరడిగినా, సొంత బావమరిది గొంతే వినిపించినా, చెప్పకండి. పెళ్లి శుభలేఖ అంటూ ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే తెరవకండి.

పేజీ పెరిగాక ఇంకోటి మొదలవుతుంది. మీ ఫోటోలే దొంగిలించి, మీ పేరులాంటి పేరుతో పేజీ తెరిచి, సగం ధరకే పలాస జీడిపప్పు, ముందు డబ్బు పంపండి అంటారు. మాకు తెలిసిన ఒక వ్యాపారికి ఇలాగే అయింది. డబ్బు పోయినవాళ్లు తిట్టింది దొంగని కాదు, ఈయన్ని. అందుకని మీ ఫోటోల మీద కొట్టు పేరు పడేలా చేయండి, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చిన 14 అంకెల నంబరు పేజీలోనూ ప్యాకెట్ మీదా కనబడేలా పెట్టండి, డబ్బు పంపాల్సిన యూపీఐ పేరు ఇది ఒక్కటే అని ఛానెల్‌లో రాసి ఉంచండి. ఎవరైనా మోసపోయి మీకు ఫోన్ చేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమనండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపగలిగితేనే ఆశ.

ఇప్పుడు నోటుబుక్కు. దాన్ని పారేయమనడం లేదు. మీ అక్కనే కూర్చోబెట్టి, ఆ 1,400 మందికీ కొట్టు నంబరు నుంచి విడివిడిగా, రోజుకి ముప్పై నలభై చొప్పున ఒక్కసారి ఈ మాట పంపించండి: "నమస్కారమండీ. కాశీబుగ్గ నుంచి, మీరు జీడిపప్పు తెప్పించుకున్న కొట్టు. పండగలకి ముందు ధరలు మీకు వాట్సాప్‌లో పంపమంటారా? సరే అంటే మా నంబరు సేవ్ చేసుకుని 'సరే' అని పంపండి. జవాబివ్వకపోతే మళ్లీ పంపం. మీ నంబరు వేరేవాళ్లకి ఇవ్వం." ఇందులో ఆఖరి రెండు వాక్యాలూ రాస్తే నిలబెట్టుకోవాలి, లేకపోతే రాయకండి.

1,400 మందిలో మూడొందల మంది సరే అంటే మీకు చాలు, రెండు బ్రాడ్‌కాస్ట్ జాబితాల్లో సరిపోతారు. మిగతావాళ్ల పేర్ల పక్కన అక్క చేత చిన్న అడ్డగీత పెట్టించండి. దీపావళి పెట్టెల కోసం జనం ముందునుంచే అడగడం మొదలుపెడతారు కాబట్టి వినాయక చవితి లోపే ఈ పని పూర్తయ్యేలా చూసుకోండి.